ఇమామ్ షాఫయీ (రహ్మలై): దారులు మూసుకున్నా ఆగని ప్రయాణం

ఒక మంచి పనిని మొదలుపెట్టడం అంత కష్టం కాదు. దాన్ని చివరిదాకా సాగించడమే కష్టం. హిఫ్జ్‌లో చేరి నాలుగైదు పారాల దగ్గర ఆగిపోయిన పిల్లలు, ఉద్యోగ పరీక్ష రెండుసార్లు తప్పగానే పుస్తకాలను అటకెక్కించిన యువకులు, పదో తరగతితో చదువు మాని ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన వీధుల్లో, మన బంధువుల్లో ఎందరో ఉన్నారు. ఎందుకు ఆగిపోయారని అడిగితే సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. డబ్బు లేదు, చేయూతనిచ్చేవారు లేరు, నసీబులో లేదు.

మొదటి రెండు కారణాలూ చాలాసార్లు నిజమే. వాటిని తేలిగ్గా కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. అయితే మూడో మాట అనేముందు మనం ఒక మహనీయుని జీవితాన్ని ఒకసారి పరిశీలించాలి. ఆయన పుట్టిన కొద్ది కాలానికే తండ్రిని కోల్పోయారు. రాసుకోవడానికి కాగితం కొనలేని పేదరికంలో పెరిగారు. చేతికొచ్చిన ఉద్యోగం పోయింది. సంకెళ్లతో ఖలీఫా ముందు నిలబడవలసి వచ్చింది. అయినా ఇస్లామీయ ధర్మశాస్త్రానికి పునాది సూత్రాలను క్రమబద్ధం చేసిన ఇమామ్‌గా చరిత్రలో నిలిచారు. ఆయనే ఇమామ్ ముహమ్మద్ బిన్ ఇద్రీస్ షాఫయీ (రహ్మలై).

తండ్రి లేని బిడ్డ

ఇమామ్ షాఫయీ హిజ్రీ 150వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 767లో పాలస్తీనాలోని గాజాలో జన్మించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) మరణించింది కూడా ఆ ఏడాదే. వంశం చూస్తే ఖురైష్. అందులోనూ ముత్తలిబ్ సంతతి. ఆ విధంగా దైవప్రవక్త (స) వంశంతో ఆయనకు దగ్గరి చుట్టరికం ఉంది. కాని గొప్ప వంశం కడుపు నింపదు కదా! పసితనంలోనే తండ్రి కన్నుమూశారు. ఇంట్లో ఆస్తి లేదు, సంపాదించేవారు లేరు.

ఆ తల్లి ముందు రెండు దారులున్నాయి. గాజాలోనే ఉండి ఏదో విధంగా బతుకు వెళ్లదీయడం ఒకటి. బిడ్డను అతని వంశస్థులున్న చోటికి, జ్ఞానానికి నిలయమైన నగరానికి తీసుకువెళ్లడం మరొకటి. ఆమె రెండో దారిని ఎంచుకున్నారు. బిడ్డకు సుమారు రెండేళ్ల వయసులో అతన్ని తీసుకుని మక్కా చేరారు. ఆ రోజుల్లో గాజా నుంచి మక్కా అంటే ఎడారి గుండా ఎన్నో రోజుల ప్రయాణం. భర్త లేని స్త్రీ, చంకలో బిడ్డ, చేతిలో చాలినంత డబ్బు లేదు. షాఫయీ మజ్‌హబ్ చరిత్ర రాసేవారు గ్రంథాలతో మొదలుపెడతారు. మనం మాత్రం ఈ తల్లి ప్రయాణంతోనే మొదలుపెట్టాలి. కొడుకు పట్టుదలకు ముందు తల్లి పట్టుదల ఉంది.

ఎముకల మీద రాసుకున్న పాఠాలు

మక్కాలో ఆమె కొడుకును మక్తబ్‌లో చేర్చారు. కాని ఉస్తాద్‌కు ఇవ్వడానికి రుసుము లేదు. దీనికి ఒక ఉపాయం దొరికింది. ఉస్తాద్ మిగతా పిల్లలకు చెప్పే పాఠాన్ని ఈ బాలుడు వింటూనే కంఠస్థం చేసేవాడు. ఉస్తాద్ బయటికి వెళ్లినప్పుడు ఆ పాఠాన్నే చిన్న పిల్లలకు చెప్పేవాడు. ఇది చూసి ఉస్తాద్ రుసుము అడగడం మానేశారు. చేసిన సేవే రుసుముగా చెల్లిపోయింది.

ఏడేళ్ల వయసుకు దివ్య ఖుర్ఆన్‌ను, పదేళ్ల వయసుకు ఇమామ్ మాలిక్ (రహ్మలై) సంకలనం చేసిన హదీసు గ్రంథం మువత్తాను కంఠస్థం చేశారని చరిత్రకారులు రాశారు. అందరికీ అంతటి జ్ఞాపకశక్తి ఉండదు నిజమే. అయితే ఆ జ్ఞాపకశక్తి వెనుక ఆయన పడిన శ్రమను కూడా చూడాలి. మస్జిదులో విద్వాంసుల దగ్గర విన్న హదీసులను, ధార్మిక సమస్యలను రాసుకోవడానికి కాగితం కొనే స్తోమత లేదు. అందుకని ఒంటెల వెడల్పాటి ఎముకలను, ఖర్జూర మట్టలను, కుండ పెంకులను ఏరుకొచ్చి వాటి మీద రాసుకునేవారు. ప్రభుత్వ కచేరీకి వెళ్లి, ఒకవైపు వాడి పారేసిన కాగితాలను అడిగి తెచ్చుకుని వెనకవైపు రాసేవారు. రాసిన ఎముకలను ఇంట్లో ఉన్న ఒక పాత కూజాలో భద్రపరిచేవారు. కూజా నిండిపోయేది.

ఈనాడు మన పిల్లల చేతుల్లో నోటుపుస్తకాలున్నాయి, సెల్‌ఫోన్లున్నాయి. పాఠం ఒకసారి వినకపోతే మళ్లీ వినే సౌకర్యమూ ఉంది. కొరవడింది సామగ్రి కాదు. ఈరోజు విన్నదాన్ని ఈరోజే భద్రపరుచుకోవాలనే ఆత్రం కొరవడింది.

యౌవనంలో ఆయన మక్కా వెలుపల ఎడారిలో నివసించే హుజైల్ తెగవారి దగ్గర ఉండి స్వచ్ఛమైన అరబీ భాషను, వారి కవిత్వాన్ని నేర్చుకున్నారు. విలువిద్యలో కూడా ఆరితేరారు. ఆయన బాణం వేస్తే గురి తప్పడం అరుదని పేరు. ఖుర్ఆన్‌ను, హదీసులను అర్థం చేసుకోవాలంటే భాష లోతు తెలియాలి. ఎడారిలో గడిపిన ఆ ఏళ్లు వృథా కాలేదని తరువాత ఆయన గ్రంథాలు నిరూపించాయి.

సిఫారసు కాదు, తయారీ

మక్కాలో ముఫ్తీగా ఉన్న ముస్లిమ్ బిన్ ఖాలిద్ జన్‌జీ, ప్రసిద్ధ హదీసువేత్త సుఫ్యాన్ బిన్ ఉయైనా (రహ్మలై) వంటి వారి దగ్గర ఆయన విద్యాభ్యాసం చేశారు. చిన్న వయసులోనే ఫత్వా ఇచ్చేందుకు గురువు నుంచి అనుమతి లభించింది. మరొకరైతే అక్కడితో తృప్తిపడేవారే. ఆయన మాత్రం మదీనా వెళ్లి ఇమామ్ మాలిక్ వద్ద శిష్యరికం చేయాలనుకున్నారు.

ఇమామ్ మాలిక్ గాంభీర్యం అందరికీ తెలిసిందే. ఆయన ఇంటి గడప తొక్కడానికి పాలకులు సైతం సంకోచించేవారు. అందువల్ల యువ షాఫయీ మక్కా పాలకుని దగ్గర మదీనా పాలకుని పేరిట ఒక సిఫారసు లేఖ సంపాదించారు. మదీనా పాలకుడు వెంట వచ్చాడు. కాని ఆ లేఖను చూసిన ఇమామ్ మాలిక్ సంతోషించలేదు. దైవప్రవక్త (స) జ్ఞానాన్ని కూడా సిఫారసుల ద్వారా అడిగే రోజులు వచ్చాయా అని నొచ్చుకున్నారు. లేఖ పని చేయలేదు. పని చేసింది మరొకటి. మదీనా బయలుదేరక ముందే ఆ యువకుడు మువత్తాను పూర్తిగా కంఠస్థం చేసుకుని వచ్చాడు. అతను చదివి వినిపిస్తుంటే ఆ ఉచ్చారణకు, ఆ అవగాహనకు ఇమామ్ ముగ్ధులయ్యారు. ఇంకా చదవమని అడిగారు. ఆ తరువాత హిజ్రీ 179 (క్రీ.శ. 795)లో ఇమామ్ మాలిక్ మరణించే వరకు ఆయన ఆ గురువును అంటిపెట్టుకునే ఉన్నారు.

ఉద్యోగానికైనా, పై చదువులకైనా ముందుగా తెలిసినవారి సిఫారసు కోసం తిరగడం మనలో చాలామందికి అలవాటు. సిఫారసు మహా అయితే తలుపు దాకా తీసుకువెళుతుంది. లోపల నిలబెట్టేది మాత్రం మనం చేసుకుని వెళ్లిన తయారీయే.

ఉద్యోగం, ఆపై సంకెళ్లు

గురువు మరణించేనాటికి ఇమామ్ షాఫయీ వయసు దాదాపు 29 ఏళ్లు. పేదరికం ఇంకా వెన్నంటే ఉంది. అప్పుడాయన చదువును పక్కనపెట్టి ఉద్యోగంలో చేరారు. యమన్ పాలకుడు మక్కా వచ్చినప్పుడు కొందరు ఖురైష్ పెద్దలు ఆయన గురించి చెప్పారు. యమన్ వెళ్లడానికి దారి ఖర్చులు లేక ఇంటిని తాకట్టు పెట్టవలసి వచ్చిందని చరిత్రకారులు రాశారు. ఆ విధంగా నజ్రాన్ ప్రాంతంలో ప్రభుత్వాధికారి అయ్యారు.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. ఇంటి అవసరం కోసం ఉద్యోగం చేయడం లక్ష్యానికి ద్రోహం చేయడం కాదు. హలాల్ సంపాదనతో కుటుంబాన్ని పోషించుకోవడం కూడా ఇబాదతే. ఎందరో యువకులు చదువు మధ్యలో ఆపి దుకాణంలోనో, గల్ఫ్‌లోనో పనికి కుదిరినప్పుడు ఇక తమ కథ ముగిసిందని కుంగిపోతారు. ఇమామ్ షాఫయీ జీవితంలో కూడా అటువంటి మలుపు ఉందని వారు తెలుసుకోవాలి.

నజ్రాన్‌లో ఆయన న్యాయంగా వ్యవహరించారు. అధికారులను మంచి చేసుకుని పనులు సాధించుకోవడానికి అలవాటుపడినవారికి ఆయన లొంగలేదు. దాంతో శత్రువులు పెరిగారు. అబ్బాసీయ ఖిలాఫత్‌కు వ్యతిరేకంగా హజ్రత్ అలీ (రజి) సంతతివారితో చేతులు కలిపారంటూ ఆయనపై ఖలీఫా హారూన్ రషీద్‌కు ఫిర్యాదు వెళ్లింది. రాజద్రోహం నేరం! హిజ్రీ 184 (క్రీ.శ. 800)లో ఆయనను మరికొందరితోపాటు బంధించి ఖలీఫా సమక్షానికి తీసుకువెళ్లారు. ఆ బృందంలో కొందరికి మరణశిక్ష అమలైందని కూడా చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి.

ఆ సమయంలో ఆయన పరిస్థితిని ఊహించండి. వయసు 34. గురువు లేరు, ఉద్యోగం లేదు, పరువు పోయింది, ప్రాణానికే ముప్పు వచ్చింది. నిజాయితీగా పనిచేసినందుకు దక్కిన ఫలితం ఇది! అయినా ఆయన ధైర్యం కోల్పోకుండా ఖలీఫా ఎదుట స్పష్టంగా తన వాదన వినిపించారు. ఆ దర్బారులో ఉన్న న్యాయమూర్తి ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (రహ్మలై) ఆయన పాండిత్యాన్ని గురించి మంచి మాట చెప్పారు. అల్లాహ్ దయవల్ల ప్రాణాలు దక్కాయి.

భిన్నాభిప్రాయం ఉన్నవారి దగ్గర శిష్యరికం

ఇమామ్ ముహమ్మద్ ఎవరు? ఇమామ్ అబూ హనీఫా శిష్యుల్లో అగ్రగణ్యులు. హనఫీ మజ్‌హబ్‌ను గ్రంథస్థం చేసినవారు. మన తెలుగు ముస్లిం కుటుంబాల్లో అత్యధికులు అనుసరించేది ఆ మజ్‌హబ్‌నే. ఇమామ్ షాఫయీ మాత్రం మదీనా విద్వాంసుల పద్ధతిలో పెరిగినవారు. ఈ రెండు పద్ధతుల మధ్య అప్పట్లో తీవ్రమైన చర్చలు జరుగుతుండేవి.

విడుదలైన వ్యక్తి బతుకు జీవుడా అని ఇంటిదారి పట్టడం సహజం. ఇమామ్ షాఫయీ అలా చేయలేదు. ఇన్నాళ్లూ దూరంగా ఉండిపోయిన ఇరాఖ్ జ్ఞానాన్ని నేర్చుకునే అవకాశం ఇదేనని భావించారు. ఇమామ్ ముహమ్మద్ దగ్గర చేరి ఆయన గ్రంథాలను చదివారు, స్వయంగా రాసుకున్నారు, తన దగ్గరున్న డబ్బును ఆ గ్రంథాల కోసమే ఖర్చుపెట్టారు. ఒక ఒంటె మోసేంత విద్యను ఆయన దగ్గర్నుంచి పొందారని ప్రసిద్ధి. ఒప్పుకోలేని విషయాల్లో మర్యాదగా వాదించేవారు. గురువు కూడా ఆ వాదనను ఆదరించేవారు. అభిప్రాయాలు వేరైనా ఒకరిపట్ల ఒకరికి గౌరవం తగ్గలేదు.

ఈ మలుపే ఆయన జీవితంలో కీలకం. ఉద్యోగం పోకపోతే ఆయన నజ్రాన్‌లో ఒక మంచి అధికారిగా మిగిలిపోయేవారేమో! సంకెళ్లతో తీసుకొచ్చిన దారే ఆయనను మళ్లీ విద్య దగ్గరికి చేర్చింది. మదీనా జ్ఞానం, ఇరాఖ్ జ్ఞానం ఒకే వ్యక్తిలో కలిశాయి. అల్లాహ్ తన దాసుని ఏ దారిలో నడిపిస్తాడో ఆ సమయంలో దాసునికి తెలియదు.

తరువాత ఆయన మక్కా తిరిగివచ్చి మస్జిదె హరామ్‌లో బోధించసాగారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) వంటివారు ఆయన పాఠాలకు హాజరయ్యారు. హిజ్రీ 195లో ఆయన మళ్లీ బాగ్దాద్ వెళ్లారు. ఒకప్పుడు నిందితునిగా అడుగుపెట్టిన ఇరాఖ్ గడ్డపై ఈసారి గురువుగా అడుగుపెట్టారు. ఖుర్ఆన్, సున్నత్, ఇజ్మా, ఖియాస్‌ల నుంచి ధర్మాదేశాలను ఏ క్రమంలో, ఏ నియమాలతో గ్రహించాలో వివరిస్తూ రిసాలా అనే గ్రంథాన్ని రాశారు. ధర్మశాస్త్ర మూలసూత్రాలపై మనకు లభిస్తున్న తొలి గ్రంథంగా విద్వాంసులు దాన్ని పరిగణిస్తారు.

తన మాటను తానే సరిచేసుకున్న ఇమామ్

హిజ్రీ 199 (క్రీ.శ. 814) ప్రాంతంలో ఆయన ఈజిప్టు చేరుకున్నారు. వయసు 50కి దగ్గరపడింది. పేరు ప్రతిష్ఠలు వచ్చాయి, శిష్యులు తయారయ్యారు, గ్రంథాలు వెలువడ్డాయి. ఇక విశ్రాంతి తీసుకోవచ్చని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం మళ్లీ మొదటినుంచి ప్రారంభించారు.

ఈజిప్టులో కొత్త హదీసులు తెలిశాయి, కొత్త వాదనలు ఎదురయ్యాయి. వాటి వెలుగులో తన పాత అభిప్రాయాలను ఒక్కొక్కటిగా తిరిగి పరిశీలించారు. ఎన్నో విషయాల్లో తాను బాగ్దాద్‌లో చెప్పినదాన్ని మార్చుకున్నారు. షాఫయీ మజ్‌హబ్‌లో బాగ్దాద్ నాటి అభిప్రాయాలను ఖదీమ్ (పాతవి) అనీ, ఈజిప్టు నాటి అభిప్రాయాలను జదీద్ (కొత్తవి) అనీ ఈనాటికీ వేరుగా పేర్కొంటారు. రిసాలాను సైతం తిరిగి రాశారు. ఇప్పుడు మనకు లభిస్తున్నది ఆ ఈజిప్టు ప్రతియే. ధర్మశాస్త్ర సమస్యలపై ఆయన మహా గ్రంథం ఉమ్మ్ కూడా అక్కడే రూపుదిద్దుకుంది. ప్రాణప్రదంగా ప్రేమించిన గురువు ఇమామ్ మాలిక్‌తో విభేదించవలసి వచ్చినప్పుడు కూడా ఆధారం ఎటు ఉంటే అటే నిలబడ్డారు. దీనివల్ల ఈజిప్టులోని మాలికీ పండితుల నుంచి వ్యతిరేకతను కూడా ఎదుర్కొన్నారు.

ఫుస్తాత్ నగరంలోని అమ్ర్ బిన్ ఆస్ (రజి) మస్జిదులో ఆయన దినచర్య ఇలా ఉండేది. ఫజ్ర్ నమాజు తరువాత ఖుర్ఆన్ విద్యార్థులు వచ్చేవారు. సూర్యోదయం తరువాత హదీసు విద్యార్థులు, ఆపై చర్చలకు వచ్చేవారు, చివరగా భాషను, కవిత్వాన్ని నేర్చుకునేవారు వచ్చేవారు. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లేవారు. రాత్రిని మూడు భాగాలు చేసి ఒక భాగం రాయడానికి, ఒక భాగం నమాజుకు, ఒక భాగం నిద్రకు కేటాయించేవారు.

ఇదంతా ఆరోగ్యంగా ఉండి చేసిన పని కాదు. చివరి ఏళ్లలో ఆయనను తీవ్రమైన మొలల వ్యాధి పీడించింది. రక్తస్రావంతో మనిషి నీరసించిపోయారు. అయినా రబీ బిన్ సులైమాన్, ముజనీ, బువైతీ వంటి శిష్యులకు బోధన ఆగలేదు. హిజ్రీ 204వ సంవత్సరం రజబ్ నెల చివరి రోజున, క్రీ.శ. 820 జనవరిలో ఆయన తుదిశ్వాస విడిచారు. హిజ్రీ లెక్కన ఆయన వయసు 54 ఏళ్లే. ఈజిప్టులో గడిపినది సుమారు ఐదేళ్లు. ఆ ఐదేళ్ల కృషే షాఫయీ మజ్‌హబ్‌కు ప్రధాన ఆధారమైంది.

నేడు ఈజిప్టు, యమన్, తూర్పు ఆఫ్రికా, ఇండోనేషియా, మలేషియాల్లో, మన దేశంలో కేరళ, కొంకణ తీరాల్లో కోట్లాది ముస్లిములు ఆయన మజ్‌హబ్‌ను అనుసరిస్తున్నారు. మన హైదరాబాద్‌లోని బార్కస్‌కు వెళితే, నిజాం సైన్యంలో చేరడానికి యమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి కనిపిస్తుంది. వారిలో షాఫయీలు ఎక్కువ. కాగితం కొనలేక ఎముకల మీద రాసుకున్న బాలుని విద్య ఎక్కడెక్కడికి చేరిందో చూడండి!

మనం గ్రహించవలసిన పాఠం

సహనమంటే కష్టం వచ్చినప్పుడు నోరు మూసుకుని కూర్చోవడమేనని మనలో కొందరి భావన. అరబీలో సబ్ర్ అనే పదంలో తనను తాను అదుపులో ఉంచుకోవడం, సడలిపోకుండా నిలబడడం అనే అర్థాలున్నాయి. దివ్య ఖుర్ఆన్ సహనాన్ని నమాజుతో కలిపి ప్రస్తావించింది. నమాజు రోజుకు ఐదుసార్లు లేచి చేసే పని. సహనం కూడా అంతే, ప్రతిరోజూ లేచి చేయవలసిన పని.

పట్టుదల పేరుతో మనం చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. ఒకే దారిని పట్టుకుని, అది మూసుకుపోయినా అక్కడే తల బాదుకుంటాం. లేదా ఆ దారి మూసుకోగానే గమ్యాన్నే వదిలేస్తాం. ఇమామ్ షాఫయీ ఈ రెండూ చేయలేదు. కాగితం లేకపోతే ఎముక, రుసుము లేకపోతే సేవ, సిఫారసు పనికిరాకపోతే తయారీ, ఉద్యోగం పోతే మళ్లీ విద్య. చివరికి తన అభిప్రాయం బలహీనమని తేలితే దాన్ని కూడా వదులుకున్నారు. వదలనిది ఒక్కటే. సత్యాన్ని తెలుసుకుని ప్రజలకు చేరవేయాలన్న లక్ష్యం.

కాబట్టి పరీక్షలో తప్పిన మన బిడ్డను నసీబు లేదని ఇంట్లో కూర్చోబెట్టే ముందు, ఎక్కడ తప్పాడో పక్కన కూర్చుని చూద్దాం. అదే పద్ధతిలో నాలుగోసారి రాయడంకంటే ఏ పాఠ్యాంశంలో బలహీనంగా ఉన్నాడో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టించడం మేలు. ఫీజు కట్టలేకపోతే చదువు మాన్పించడానికి ముందు మరో దారి ఉందేమో వెదుకుదాం. చిన్న పిల్లలకు పాఠం చెప్పి ఆ సంపాదనతో చదువుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. పనిలో చేరిన యువకుడు రోజుకు ఒక గంటైనా తన చదువుకు కేటాయించుకుంటే, వదిలిన దారి మళ్లీ దొరుకుతుంది. లంచంతోనో, అబద్ధంతోనో గమ్యం చేరడం మాత్రం మనకు తగదు. ఆలస్యమైనా హలాల్ దారే శుభప్రదం.

తల్లులకు మా మనవి ప్రత్యేకం. గాజా నుంచి బిడ్డతో బయలుదేరిన ఆ తల్లికి తన కొడుకు ఇమామ్ అవుతాడని తెలియదు. బిడ్డను జ్ఞానం ఉన్న చోటికి చేర్చడం తన బాధ్యత అని మాత్రమే ఆమెకు తెలుసు. ఆ బాధ్యతను ఆమె నెరవేర్చారు. ఫలితాన్ని అల్లాహ్ ప్రసాదించాడు. ప్రయత్నం మన చేతిలో ఉంది, ఫలితం ఆయన చేతిలో ఉంది. తవక్కుల్ అంటే ఇదే.

అల్లాహ్ ఇమామ్ షాఫయీ (రహ్మలై)పై తన కారుణ్యాన్ని కురిపించుగాక! మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, మనందరికీ సత్కార్యాలలో స్థయిర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.